తోక కాగితాలు

"ఇంకోసారి అనండి. నా మొహం చూసి అనండి."

రెఫూహియో బల్లకి ఇవతల నించునే ఉంది. పళ్ళెంలో చిక్కుడుగింజలు చల్లారిపోయాయి. మొగుడి నోటికి అందించాల్సిన తోర్తియా రొట్టె ముక్క ఆమె వేళ్ళ మధ్యే నలిగిపోతోంది. డాన్ ఫెర్మీన్ కుడిచెయ్యి ఎప్పటిలాగే బల్ల మీద పడి వణుకుతోంది. ఆయన దాన్ని చూడటం లేదు. పెళ్ళాన్నీ చూడటం లేదు.

"ఎన్నిసార్లు అనమంటావు? మేజర్ ఆ కాగితాలు నా ముందు పరిచాడు. కోశాధికారి గారూ, ఇది మీ సంతకమేనా అన్నాడు. కాదన్నాను. అంతే."

"మీది కాదు, నాది. నాదంటే మీదే. ఆ సంగతి మీకు తెలుసు, నాకు తెలుసు, ఆ మూల కూచున్న అత్తయ్యకి తెలుసు."

"మెల్లిగా. వీధి తలుపు తీసుంది."

"తీసుండనివ్వండి! రేపు తెల్లారితే నా తమ్ముణ్ణి గోడకి నించోబెట్టి కాల్చేస్తారు. ఎందుకు? దొంగ కాగితాలు పట్టుకు తిరుగుతున్నాడని. అవి దొంగవని ఎవరన్నారు? మా ఆయన!"

మూల కుర్చీలో అత్తగారు దోన్యా త్రాన్సితో జపమాల తిప్పడం ఆపింది. కోడలి గొంతు పెరిగినప్పుడల్లా ఆవిడ భక్తి కాస్సేపు పక్కకి తప్పుకుంటుంది.

"గోడకి నించోబెట్టేది మేజరు, నా కొడుకు కాదు. అన్నం తినే మనిషి మీద అరవకు," అంది.

"తినిపించేదాన్ని నేనే కదా అత్తయ్యా. అరుస్తూ కూడా తినిపిస్తాను."

అంది గానీ ముక్క పళ్ళెంలో పడేసింది. ఆయన నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. బయట వీధిలో ఎవరో గాడిదని తిడుతూ పోయారు.

శాంతా బ్రిహిదా ఊళ్ళో ఆ ఏడాది వెండి నాణెం కంటికి కనబడటం మానేసింది. సైన్యాలు వచ్చాయి, వెళ్ళాయి, మళ్ళీ వచ్చాయి. వెళ్ళినవాళ్ళు అచ్చేసిన నోట్లు వచ్చినవాళ్ళు చెల్లవన్నారు. అవి దుప్పట్లంత ఉండేవి కాబట్టి ఊళ్ళో వాటిని దుప్పట్లనే అనేవారు. ఆడవాళ్ళు వాటిని పెట్టెల అడుగున పరుచుకున్నారు. ఆఖరికి ఊరి సభే, పండగ కరపత్రాలు వేసే అచ్చుయంత్రం మీద, సొంతంగా చిన్న చిన్న కాగితాలు వేసింది.

అచ్చు చూసి ఎవరు నమ్ముతారు? సంతకం చూసి నమ్మారు. సంతకమంటే ఆ ఊళ్ళో పేరు కాదు, పేరు కింద తిప్పే తోక. అక్షరం వచ్చిన ప్రతివాడికీ తనదైన తోక ఒకటి ఉంటుంది. పేరులో తప్పు పోయినా క్షమిస్తారు గానీ తోక లేని సంతకాన్ని మాత్రం తోక లేని కోడిపుంజుని చూసినట్టు చూస్తారు. కోశాధికారి ఫెర్మీన్ ఓల్వేరా తోక చుట్టుపక్కల అందరికీ తెలుసు. పేరు కింద ఒక గీత, దాని మీద ఒక మెలిక, మెలికని కోస్తూ ఇంకో గీత. అందుకే ఊళ్ళో వాటికి తోక కాగితాలని పేరు పడింది.

ఊరికి తెలియనిది ఒక్కటే. ఆ ఏడాది ఉపవాస దినాల్లో జ్వరం తగిలి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. సభ కాగితాలు వెయ్యడం మొదలెట్టింది ఆ తర్వాత చాలా రోజులకి. చెయ్యి పోయిన కోశాధికారిని ఎవరుంచుకుంటారు? పడగ్గది తలుపు మూసి, పాత పత్రాలు ముందు పెట్టుకుని, రెఫూహియో మొగుడి సంతకం నేర్చుకుంది. మొదటి కాగితం నించి మొన్నటి కాగితం దాకా ఊళ్ళో తిరుగుతున్న ప్రతి తోకా ఆమె తిప్పిందే. బజార్లో చెయ్యి ఎవరికంటా పడకుండా ఆయన శాలువా కప్పుకుని తిరిగేవాడు.

"కూకా," అన్నాడు ఫెర్మీన్. ముద్దు పేరుతో పిలిచాడంటే ఏదో మెత్తగా చెప్పబోతున్నాడన్నమాట. "కొంచెం బుర్ర పెట్టి ఆలోచించు. నాదే అన్నాననుకో. వెంటనే కలం చేతికిచ్చి ఒకటి పెట్టి చూపించమంటాడు. ఈ చేత్తో ఏం పెట్టను? అప్పుడు ఎవరు పెట్టారంటాడు. ఎవరి పేరు చెప్పను? నీ పేరా? నీ తమ్ముడు నబోర్‌ బదులు నిన్ను గోడ దగ్గరికి పంపించనా?"

రెఫూహియో తల వంచుకుంది. మాట నిజమే అనిపించింది. నిజమే అనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"మరి నబోర్ సంగతి?"

"చూద్దాం. ఫాదిరీ గారితో చెప్పిస్తాను."

"రేపటిలోగానా?"

జవాబు చెప్పింది తల్లి.

"ముందు నీ తమ్ముడికి అంత కట్ట ఎక్కణ్ణించి వచ్చిందో అది చెప్పు. గాడిదలు తోలుకునే వాడు. జీను కింద ఏకంగా కట్ట! లెక్కకి మించి నాలుగు కాగితాలు ఎక్కువ సంతకం చేసి తమ్ముడి చేతిలో పెట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో, వాళ్ళకే తెలియాలి."

రెఫూహియో మొహం కందిపోయింది. అత్తగారి వంక చూడలేదు. మొగుడి వంక చూసింది. ఛీ అదేం మాటమ్మా అంటాడని చూసింది. ఆయన పళ్ళెంలో గింజల్ని చూస్తూ కూచున్నాడు.

"మీరు కూడా అదే అనుకుంటున్నారా?"

"నేనేమీ అనలేదే."

"అదే. ఏమీ అనలేదు."

శాలువా తీసి నెత్తిన వేసుకుంది. తోర్తియాలు గుడ్డలో చుట్టింది. దోన్యా త్రాన్సితో ఎక్కడికే అంది. జైల్లో ఉన్నవాడికి కూడా ఆకలేస్తుందత్తయ్యా అని చెప్పి గుమ్మం దాటింది. వెనక నించి ఫెర్మీన్, "కూకా! అక్కడ నోరు జారకు!" అని అరిచాడు. ఆ గొంతులో తన మీద బెంగ ఉందా, ఇంకేదైనా ఉందా అని ఆమె వీధి చివర దాకా ఆలోచిస్తూనే పోయింది. కాపరం చేసిన ఇన్నేళ్ళలో మొగుడి గొంతుని అలా వెనక్కి తిప్పి చూసుకోవడం అదే మొదలు.

*

సభ భవనం ముందు స్తంభాల కింద బారు తీరి జనం. కొత్తగా వచ్చిన మేజర్ చాటింపు వేయించాడు. అసలైన తోక కాగితాలు తెచ్చినవాళ్ళకి తమ కొత్త నోట్లు ఇస్తాడు. దొంగవి తెచ్చినవాళ్ళకి గోడ. ఏది అసలో తెలియడానికి తలుపు మీద ఒక కాగితం మేకుతో కొట్టించాడు. ఇది నా సంతకమే అని ఫెర్మీన్ స్వయంగా ఎంచి ఇచ్చిన కాగితం అది.

జనం తమ కాగితాలు పట్టుకుని ఆ తలుపుకేసి, కాగితంకేసి మార్చి మార్చి చూసుకుంటున్నారు. పక్కవాడి కాగితం తమ దానికంటే బాగుందేమోనని అందరికీ అనుమానమే.

"మా అల్లుణ్ణి చూడటానికి వెళ్ళినప్పుడు కూడా ఇంత పరీక్షగా చూళ్ళేదు," అంటోంది కొవ్వొత్తులమ్మే ముసలమ్మ.

"చూసుంటే బావుండేది కదా పిన్నీ," అన్నాడు వెనకవాడు. నవ్వారు. నవ్వి, మళ్ళీ కాగితాలు గుండెకి హత్తుకున్నారు.

బారులో అందరికంటే ముందు, కిటికీ పక్కనే, సోలేదాద్ ఉంది. రెఫూహియో కూతురికి జ్ఞానస్నానపు తల్లి. అందుకని వాళ్ళిద్దరూ ఒకరినొకరు కొమాద్రే అనే పిలుచుకుంటారు. అది అక్కచెల్లెళ్ళ వరస కంటే గట్టిది. సోలేదాద్ మొగుడు ఏ సైన్యంతోనో పోయి తిరిగి రాలేదు. పందుల్నీ, ఆఖరికి కుట్టుమిషన్నీ కూడా తోక కాగితాలకే అమ్ముకుంది. ఆ కట్టంతా కొంగులో మూట కట్టుకుని తెల్లారగట్ల నించి నించుంది.

"కొమాద్రే! దేవుడు పంపినట్టొచ్చావు. ఇవి ఒక్కసారి చూడు," అంటూ మూట కొంచెం విప్పింది. "డాన్ ఫెర్మీన్ సంతకం నీకంటే ఎవరికి తెలుసు? ఇవి ఆయనవే కదూ?"

రెఫూహియో వంగి చూసింది. తన మెలికలే. ఒకదాని పక్కన ఒకటి, అచ్చు తన చేతి కుట్టులాగే. ఒక్క రహస్యం మొగుడికి కూడా చెప్పలేదు. ఆయన మెలికని పైనించి కిందకి తిప్పేవాడు. అలా తిప్పితే ఆమెకి చెయ్యి తిరిగేది కాదు, గీత వంకర పోయేది. చివరికి కుట్టుపనిలో దారం తిప్పినట్టు కిందనించి పైకి తిప్పింది. చూడ్డానికి ఒక్కలాగే ఉంటుంది. సిరా ఎక్కడ చిక్కబడిందో చూస్తే తప్ప తెలియదు. అలా ఎవరు చూస్తారు?

"ఆయనవే. అన్నీ మంచివే," అంది.

"నా తల్లే!" సోలేదాద్ ఆమె చెయ్యి నొక్కింది. తర్వాత గొంతు తగ్గించింది. "నబోర్ గురించి విన్నాను. వాడు అలాంటివాడు కాదు. కానీ కొమాద్రే, ఏమీ అనుకోకు, వాడి దగ్గర దొరికినవి ఎక్కడివి? జనం ఏమేమో అంటున్నారు."

"ఏమంటున్నారు?"

"ఏమో. జనం కదా."

చుట్టూ ఉన్నవాళ్ళు మాటలు ఆపి వింటున్నారు. ఎవరూ ఇటు చూడటం లేదు, అందరి చెవులూ ఇటే ఉన్నాయి. రెఫూహియో తోర్తియా మూట గట్టిగా పట్టుకుని లోపలికి నడిచింది.

నబోర్‌ని ధాన్యపు కొట్లో పెట్టారు. కాపలావాడు తోర్తియాల్లో రెండు తన వాటా కింద తీసుకుని, చెక్క ఊచల దగ్గరికి వెళ్ళనిచ్చాడు. నబోర్ ఒంటి నిండా గడ్డీ దుమ్మూ. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. అక్కని చూడగానే రెండో కంటితో నవ్వాడు.

"బెంగ పెట్టుకోకక్కా. నీ పేరు చెప్పలేదు. చంపినా చెప్పను."

రెఫూహియోకి అర్థం కాలేదు.

"నా పేరా? నా పేరెందుకు చెప్పాలిరా?"

నబోర్ కాపలావాడి వంక చూసి, ఊచలకి మొహం ఆనించాడు. "నాతో కూడా ఎందుకక్కా నాటకం? బావ అంతా చెప్పాడులే. ఆ కట్ట నువ్వే పంపావని. నువ్వే రాస్తావని కూడా చెప్పాడు. కొండ అవతలకి పట్టికెళ్ళి వెండికి మార్చుకు రమ్మన్నాడు. మీ అక్కతో కూడా ఈ మాట ఎత్తకు, సిగ్గుపడుతుంది అన్నాడు."

"బావ ఇచ్చాడా? చేత్తో ఇచ్చాడా?"

"మరి కాలితో ఇస్తాడా? గాడిదల దొడ్లోకి వచ్చి ఇచ్చాడు. మూడో విడత ఇది."

రెఫూహియో ఊచ పట్టుకుంది. తను సంతకం చేసినవన్నీ పెట్టెలో పెట్టి సభకి పంపేవారు. పంపేది ఆయనే. మధ్యలో కొన్ని తీసేసుకున్నాడా? పెళ్ళాం రాసిన కాగితాలు దొంగిలించి, బావమరిది జీను కింద పెట్టి, వాడు దొరికేసరికి నావి కాదన్నాడా? ఇంట్లో తినకుండా కూచున్న మొహం గుర్తొచ్చింది. అది బెంగ అనుకుంది తను.

"అక్కా, నువ్వు పంపలేదా?" నబోర్ గొంతు మారిపోయింది. వాచిన మొహంలో నవ్వు మెల్లిగా చచ్చిపోయింది.

ఆమె చేతిని ఊచల్లోంచి పోనిచ్చి తమ్ముడి జుట్టులో గడ్డి పరకలు తీసింది. చిన్నప్పుడు అమ్మ పోయాక వాణ్ణి ఇలాగే తల దువ్వి పెంచింది.

"పంపాను," అంది. "తిను. చల్లారిపోతాయి."

వాడు తినడం మొదలెట్టేదాకా కూడా ఆగలేదు. అప్పటికే ఆమె నిర్ణయించేసుకుంది. ఎవరు దొంగిలించినా, ఎవరు పంపినా, కాగితాల మీద ఉన్నది తన సంతకం. తలుపు మీద ఉన్నదీ తన సంతకమే. రెండూ ఒకే చేతివని చూపిస్తే నబోర్ దగ్గరవి అసలైనవే అవుతాయి. తర్వాత తన గతి ఏమవుతుందో తర్వాత చూసుకోవచ్చు. మొగుడి సంగతి కూడా తర్వాతే.

*

మేజర్ సైన్యంలో చేరకముందు బడిపంతులు. నోరు మంచిది. లేచి కుర్చీ చూపించాడు. ఆయన కూచున్న గదికీ, జనం బారుకీ మధ్య ఒక్క కిటికీ. ఉక్కగా ఉందని అది తీసే ఉంచారు.

"కోశాధికారి గారి భార్యా? తమ్ముడి గురించయితే, దోన్యా రెఫూహియో, నా చేతుల్లో ఏమీ లేదు. మీవారే తేల్చేశారు."

"మావారు తనది కాదన్నారు. అది నిజం. అది నాది."

మేజర్ కనుబొమలు పైకి లేచాయి.

"ఆయన చెయ్యి పడిపోయింది మేజర్ గారూ. కాగితాలు మొదలెట్టకముందే పడిపోయింది. ఊరి కాగితాలన్నిటి మీదా నేనే సంతకం పెట్టాను. ఉద్యోగం పోతుందని దాచాం. తప్పే. ఏ శిక్ష వేసినా పడతాను. కానీ నా తమ్ముడి దగ్గరవి దొంగవి కావు. కలం ఇవ్వండి, పెట్టి చూపిస్తాను."

మేజర్ కలమూ కాగితమూ ఇటు జరిపాడు. రెఫూహియో కూచుంది. ఫెర్మీన్ ఓల్వేరా అని రాసి, గీత గీసి, మెలిక తిప్పి, కోసింది. భయంతో చెమట పడుతున్నా చెయ్యి వణకలేదు. ఆ చేతికి అది అలవాటయిపోయింది.

మేజర్ సిపాయిని పంపి తలుపు మీది కాగితం తెప్పించాడు. పక్కపక్కన పెట్టి చూశాడు. కిటికీ దగ్గరికి పట్టికెళ్ళి మళ్ళీ చూశాడు. తిరిగి వచ్చేటప్పుడు నవ్వాడు.

"ఏళ్ళ తరబడి పిల్లల కాపీ రాతలు దిద్దినవాణ్ణి. ఇది మీ చెయ్యే. అయితే ఈ ఊరికి కోశాధికారి మీరన్నమాట!"

రెఫూహియో కూడా కొంచెం నవ్వింది.

"అయితే నబోర్‌ని వదిలేస్తారా?"

మేజర్ నవ్వు ఆపాడు. సొరుగు లాగి నబోర్ దగ్గర దొరికిన కట్ట తీశాడు. పైదాన్ని తీసి ఆమె సంతకం పక్కన పెట్టాడు.

"మీ మెలిక కిందనించి పైకి పోతుంది. ఇక్కడ సిరా చూడండి. దీనిది పైనించి కిందకి దిగింది. చెయ్యి వేరు. ఇంతకుముందు నాకు కొంచెమైనా అనుమానం ఉండేది. మీవారు భయపడి కాదన్నారేమో అనుకున్నాను. ఇప్పుడది కూడా లేదు. మీరు వచ్చి సాయం చేశారు గానీ, మీ తమ్ముడికి కాదు."

ఆ మాటలు ఆమె సగమే విన్నది. కాగితం చేతిలోకి తీసుకుంది.

దొంగ సంతకం గీసినట్టుంటుంది. జంకుతూ, ఆగుతూ, పక్కదాన్ని చూస్తూ గీసిన గీత కనబడిపోతుంది. మొదట్లో తను వేసి చింపేసినవన్నీ అలాంటివే. ఇది గీసింది కాదు, రాసింది. ఒక్క ఊపులో, పేరు మొదలు నించి తోక చివరి దాకా కలం ఎత్తకుండా రాసేశాడు. మొదటి అక్షరం నడుము దగ్గర ఆ చిన్న విరుపు. ఆఖరి గీత దగ్గర కలాన్ని నొక్కి వదిలేసే ఆ బడాయి. పడగ్గదిలో దీపం ముందు పెట్టుకుని తను ఎంత కష్టపడ్డా రానిది అదే.

పైన సభ ముద్ర ఉంది. కాగితం ఊరిదే. ఆయన చెయ్యి పడిపోయాక అచ్చయిన కాగితమే.

చెయ్యి పడిపోలేదు.

రెఫూహియోకి ముందు కోపం రాలేదు, సిగ్గేసింది. ఆ చేతికి బొత్తాలు పెట్టింది. ఆ చెయ్యి బాగవ్వాలని కొండ మీది మేరీమాత గుడి దాకా మోకాళ్ళ మీద వెళ్ళి వచ్చింది. మోకాళ్ళ చర్మం ఊడిపోతే ఆయనే, ఎందుకు కూకా ఇంత కష్టం, అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు కూడా చెయ్యి వణికించాడు. అప్పుడు వచ్చింది కోపం.

అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఊరి కాగితాలు పెళ్ళాం చేత రాయించాడు. తన కాగితాలు తను రాసుకున్నాడు. ఏ రోజైనా ఎవరైనా పట్టుకుంటే, కోశాధికారి చెయ్యి పడిపోయింది కదా, తెలిసిన చెయ్యి ఇంట్లో ఇంకొకటి ఉంది కదా! తలుపు మీదకి ఎంచి ఇచ్చింది కూడా ఆమె రాసినదే. తన పేరు బయటికి రాకుండా కాదన్నాడని ఇందాక ఆమె తల వంచుకుంది. ఇప్పుడు తనంతట తనే నడిచివచ్చి, మేజర్ ఎదుట సంతకం చేసి మరీ ఇచ్చింది.

"దోన్యా రెఫూహియో? ఆ చెయ్యి ఎవరిదో మీకు తెలుసా?"

తెలియదు అంటే నబోర్ పోతాడు. మా ఆయనది అంటే నవ్వుతారు. ఆయన శాలువాలోంచి ఆ వణికే చేతిని తీసి చూపిస్తాడు, అత్తగారు జపమాల పట్టుకుని సాక్ష్యం చెబుతుంది. ఇద్దరూ ఒక్కటే మాట మీద నించుంటారు. ఇంకొక దారి ఉంది.

కిటికీలోంచి సోలేదాద్ తల కనబడుతోంది. మూట కొంగుని రెండు చేతులతో పట్టుకుని, కిటికీ లోపల ఏం జరుగుతోందో విననట్టు నటిస్తూ వింటోంది. ఆమె వెనక కొవ్వొత్తుల ముసలమ్మ. ఆ వెనక ఊరంతా.

"మేజర్ గారూ, ఒక్కటి చెప్పండి. చట్టం ప్రకారం కాగితం చెల్లాలంటే ఎవరి సంతకం ఉండాలి?"

"కోశాధికారిది. ఆయన స్వహస్తంతో పెట్టింది."

"ఇంకెవరిదీ పనికిరాదా? పెళ్ళానిది కూడా?"

"పెళ్ళానిది కూడా," అన్నాడు మేజర్. అప్పటికి ఆయనకి కూడా ఏదో తోచినట్టుంది. కుర్చీలో ముందుకి వంగాడు.

"కొండ మీది గుడిలో పెళ్ళి పుస్తకం ఉంది. మా పెళ్ళినాడు ఆయన దాంట్లో పెట్టిన సంతకం ఉంది. తెప్పించి దీని పక్కన పెట్టండి. పిల్లల రాతలు దిద్దినవారు కదా, మీకే తెలుస్తుంది." రెఫూహియో తమ్ముడి కాగితాన్ని బల్ల మీద పెట్టి అరచేత్తో నిమిరింది. "నా తమ్ముడి దగ్గరున్నవి అసలైనవి. ఊరు మొత్తం మీద అసలైనవి అవొక్కటే. దొంగవి నేను రాసినవి."

మేజర్ తలుపు మీంచి తెప్పించిన కాగితం వైపు చూశాడు. తర్వాత కిటికీ వైపు చూశాడు.

బయట మాటలు ఆగిపోయాయి. వెనక ఉన్నవాళ్ళు ఏమైంది ఏమైంది అంటున్నారు. ముందున్నవాళ్ళు ఎవరూ చెప్పడం లేదు.

సోలేదాద్ కిటికీ చువ్వలు పట్టుకుంది. కొంగు జారి మూట విడిపోయినా చూసుకోలేదు.

"కొమాద్రే," అంది. "ఏమన్నావు నువ్వు?"